దాటనిచ్చే బండి చేతిలో ఎంతుందో చెప్పిన ఒక కేసు

ఈ కేసు ఫైలు మూసినప్పుడు కారణం అని ఉన్న చోట ఒకే వాక్యం రాశారు: "కారు ఎడమ వైపు నుంచి ఓవర్‌టేక్ చేయబోయింది." అందులో అబద్ధం లేదు, వీడియోలో కనిపిస్తూనే ఉంది. అయితే ఆ వాక్యం చివరి నాలుగు సెకన్ల గురించి మాత్రమే చెబుతుంది. దానికి ముందు రెండు నిమిషాలకు పైగా మూడు బండ్ల మధ్య నడిచిన వ్యవహారం ఫైల్లో ఎక్కడా లేదు. సరుకు రవాణా బండ్ల డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడం, ఏదైనా జరిగితే ఎందుకు జరిగిందో తేల్చడం నా పని. ఆ రెండు నిమిషాలను పట్టించుకోకపోతే ఇదే గొడవ ఇంకో చోట ఇంకో మూడు బండ్ల మధ్య జరుగుతుంది. అందుకే మొత్తం రాస్తున్నాను.

ముందే చెప్పాలి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కారు కుడి అద్దం విరిగింది, కుడి వైపు రెండు డోర్లు నొక్కుకుపోయాయి. ట్రెయిలర్ వెనక ఎడమ మూల రంగు పోయింది. కారు షోల్డర్ మీదకు, అంటే రోడ్డు పక్కన వదిలిన ఖాళీ అంచు మీదకు వెళ్లి ఆగింది. షోల్డర్ లేని చోట అయితే ఈ కేసు ఇలా రాసుకునే పరిస్థితి ఉండేది కాదు.

బండ్లు రోడ్డుకు ఎడమ పక్క నడిచే లెక్కలో రాస్తున్నాను. అంటే ఎడమ లేన్ మామూలుగా వెళ్లడానికి, కుడి లేన్ దాటడానికి. కుడి పక్క నడిచే దేశాల్లో ఉన్నవాళ్లు ఎడమని కుడిగా, కుడిని ఎడమగా చదువుకుంటే సరిపోతుంది.

జరిగింది ఇదీ

మధ్యలో డివైడర్, ఒక్కో వైపు రెండు లేన్లు ఉన్న హైవే. మధ్యాహ్నం వేళ, పొడి రోడ్డు, ట్రాఫిక్ పలచగా ఉంది. ఎడమ లేన్‌లో ఫుల్ లోడ్‌తో ఒక లారీ, పన్నెండు మీటర్ల బండి. దాని వెనక పదహారు మీటర్ల ట్రెయిలర్, లోడ్ తక్కువ, స్పీడు మించనివ్వని గవర్నర్ గంటకు 80 కిలోమీటర్ల దగ్గర కట్టేసి ఉంది. రోడ్డు కొంచెం ఎక్కుడు ఎక్కుతోంది. లోడ్ లారీ స్పీడు 70 కిందికి పడిపోయింది. ట్రెయిలర్ 78 పట్టుకుని వస్తోంది. ట్రెయిలర్ డ్రైవర్ అద్దం చూశాడు, వెనక చాలా దూరంలో ఒక కారు. ఇండికేటర్ వేసి కుడి లేన్‌లోకి వచ్చాడు. ఇంతవరకూ ఏ తప్పూ లేదు. నేనున్నా అదే చేసేవాడిని.

ట్రెయిలర్ క్యాబిన్ లారీ తోక దగ్గరికి చేరేసరికి ఎక్కుడు అయిపోయింది. అవతల చిన్న దిగుడు. ఫుల్ లోడ్ బండికి దిగుడు దొరికితే స్పీడు దానంతటదే వస్తుంది. లారీ 78 దాటింది. ట్రెయిలర్ 80 దగ్గర ఆగిపోయింది, ఎంత తొక్కినా గవర్నర్ వదలదు. తేడా గంటకు కిలోమీటరున్నర. రెండు బండ్లూ పక్కపక్కన, రోడ్డు మొత్తం మూసేసి, ఒకే స్పీడులో పోతున్నట్టు ఉన్నాయి.

దూరంగా కనిపించిన కారు ఈలోగా వచ్చేసింది. దాని స్పీడు 110 చుట్టూ ఉంది, ట్రెయిలర్‌ని అందుకోవడానికి అరనిమిషం కూడా పట్టలేదు. వచ్చి ట్రెయిలర్ వెనక ఎనిమిది మీటర్ల దగ్గర అంటుకుని నడిచింది. హారన్ కొట్టింది, లైట్లు కొట్టింది. రెండు నిమిషాలు అలాగే.

చివరికి ట్రెయిలర్ తోక లారీ ముక్కును దాటి పాతిక మీటర్లు ముందుకు వచ్చింది. లారీ డ్రైవర్ హెడ్‌లైట్ ఒకసారి కొట్టాడు. పెద్ద బండ్లవాళ్ల మధ్య దానికి అర్థం ఒకటే: తోక తేలిపోయింది, లోపలికి రా. ట్రెయిలర్ డ్రైవర్ ఎడమ అద్దంలో ఆ లైటు చూశాడు, ఎడమ ఇండికేటర్ వేశాడు, రెండు సార్లు వెలిగిందో లేదో స్టీరింగ్ తిప్పాడు.

అదే లైటును కారు డ్రైవర్ కూడా చూశాడు. అప్పటికి కారు లారీ ముక్కుకు పన్నెండు మీటర్లు ముందు, కుడి లేన్‌లో ఉంది. ఎడమ అద్దంలో లారీ లైటు వెలగడం చూసి, పాపం పెద్దాయన మనకు సైడ్ ఇచ్చాడు అనుకున్నాడు. ఎడమ లేన్‌లోకి దూకి ఎక్సలరేటర్ తొక్కాడు. ట్రెయిలర్ తోక, కారు కుడి డోర్లు ఒకే చోటికి వచ్చాయి.

ముగ్గురి మాటలు

ట్రెయిలర్ డ్రైవర్‌ని అడిగితే మొదట చెప్పిన మాట: "సార్, వెనక కారే లేదు." అతను అబద్ధమాడలేదు. దాటడం మొదలుపెట్టినప్పుడు అద్దంలో కనిపించిన కారు, వెనకకు వచ్చి అంటుకోగానే అద్దంలోంచి మాయమైంది. ట్రెయిలర్‌కి సరిగ్గా వెనక ఉన్న బండి ఏ సైడ్ అద్దంలోనూ పడదు, లోపలి అద్దం అనేదే పనికిరాదు. ట్రక్కు చుట్టూ కనిపించని చోట్ల గురించి అమెరికాలో ట్రక్కుల భద్రతను చూసే ఫెడరల్ సంస్థ ప్రజలకు చెప్పే లెక్క ముందు 20 అడుగులు, వెనక 30 అడుగులు. పక్కల్లో డ్రైవర్ వైపు కంటే అవతలి వైపు కనిపించని మేర ఎక్కువ. మన కారు ఉన్న ఎనిమిది మీటర్లు అంటే 26 అడుగులు. హారన్ వినపడలేదా అంటే, ఏసీ వేసి అద్దాలు ఎత్తిన క్యాబిన్‌లోకి పదహారు మీటర్ల వెనకనుంచి కారు హారన్ రావడం కష్టం. కారు లైట్లు ట్రెయిలర్ వెనక తలుపుల మీద పడి అక్కడే ఆగిపోయాయి. కారాయన రెండు నిమిషాల పాటు మాట్లాడుతూనే ఉన్నాడు, వినాల్సిన మనిషికి ఒక్క ముక్కా చేరలేదు.

కారు నడిపినాయన బాధ వేరు. "రెండు లారీలూ కలిసి కావాలనే ఆపాయండి. నేనెంత హారన్ కొట్టినా పట్టించుకోలేదు. వెనక సీట్లో పిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది, ఎలాగోలా బయటపడదామనుకున్నా." ఆయన కోపంలో న్యాయముంది. ముందు ఏం జరుగుతోందో ఆయనకు కనిపించదు, ఎనిమిది మీటర్ల దగ్గరనుంచి చూస్తే ట్రెయిలర్ తలుపులు తప్ప లోకం లేదు. అంతసేపు దారి ఎందుకు మూసుకుపోయిందో తెలియని మనిషికి అది మొండితనంలాగే అనిపిస్తుంది.

లారీ డ్రైవర్ వయసులో పెద్దాయన. దెబ్బ తగలగానే బండి పక్కకు తీసి, దిగి, పిల్లల్ని ముందు కారులోంచి రోడ్డుకు దూరంగా తీసుకెళ్లింది ఆయనే. తర్వాత నాతో ఆయన అన్న మాట నేను ప్రతి క్లాసులో చెబుతున్నాను. "నేను స్పీడు పెంచలేదు బాబూ, తగ్గించలేదు. నా దారిన నేను పోతున్నా. ఓవర్‌టేక్ చేసేది ఆయన, చూసుకోవాల్సింది ఆయన."

హైవే మీద నూటికి తొంభైమంది ఇలాగే అనుకుంటారని నా నమ్మకం. కారువాళ్లూ అంతే. దాటేవాడిదే పని, దాటేవాడిదే బాధ్యత. నేను ఒప్పుకోను, ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

లెక్క

ట్రెయిలర్ క్యాబిన్ లారీ తోక దగ్గరనుంచి మొదలై, తోక తేలి పాతిక మీటర్ల ఖాళీ వచ్చేదాకా అదనంగా నడవాల్సింది 16, 12, 25 కలిపి 53 మీటర్లు. తేడా గంటకు ఒకటిన్నర కిలోమీటర్లు అయితే, అంటే సెకనుకు నలభై సెంటీమీటర్ల చిల్లర, ఆ 53 మీటర్లకు 127 సెకన్లు పడుతుంది. ఆ సమయంలో రోడ్డు మీద రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు కుడి లేన్ మూసుకుపోయి ఉంటుంది. ట్రెయిలర్ జీపీఎస్ రికార్డు కూడా దాదాపు ఇదే చూపించింది.

ఇప్పుడు లారీ పెద్దాయన ఎక్సలరేటర్ మీదనుంచి కాలు తీసి 70కి రానిచ్చాడనుకుందాం. బ్రేక్ అక్కర్లేదు. తేడా పది కిలోమీటర్లు అవుతుంది. 127 సెకన్ల పని 19 సెకన్లలో తెమిలిపోతుంది. మూసుకున్న రోడ్డు నాలుగు వందల మీటర్ల చిల్లరకు తగ్గుతుంది. కారు వచ్చి అంటుకున్నా కొన్ని సెకన్లలోనే దారి ఖాళీ అయిపోయేది.

మరి పెద్దాయనకు ఏం పోతుంది? పందొమ్మిది సెకన్ల పాటు ఎనిమిదిన్నర కిలోమీటర్లు తక్కువగా నడిస్తే వెనకబడేది 45 మీటర్లు. సమయంలో చెప్పాలంటే రెండు సెకన్లు. స్పీడు నెమ్మదిగా తగ్గి మళ్లీ నెమ్మదిగా ఎక్కే కాలం కలుపుకున్నా చేతివేళ్ల మీద లెక్కపెట్టే సెకన్లే.

ఇది క్లాసులో చెబితే పాత డ్రైవర్లు వెంటనే అడిగేది డీజిల్ గురించి. సరైన ప్రశ్నే. దిగుడులో ఉచితంగా వచ్చిన ఊపు వదులుకుంటే తర్వాతి ఎక్కుడులో గేరు దించాల్సి వస్తుంది, ఆ బాధ నడిపేవాడికే తెలుసు. పాతిక టన్నుల బండిని 70 నుంచి తిరిగి 78.5కి తేవడానికి కావలసిన శక్తిని ఇంజన్ సామర్థ్యం కలిపి డీజిల్‌లోకి మారిస్తే వంద మిల్లీలీటర్ల లోపే వస్తుంది. అందులోనూ కాలు తీసిన కాసేపు ఇంజన్ తాగేది తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది ఇంకా తక్కువ. ఒక టీ గ్లాసు డీజిల్.

దాటే ట్రెయిలర్ చేతిలో ఏముందో చూడండి. గవర్నర్ కట్టేసింది, ఇంకా తొక్కడానికి లేదు. అతను చేయగలిగింది ఒక్కటే, వెనక్కి తగ్గి మళ్లీ లారీ వెనక చేరడం. ఆ ఓవర్‌టేక్‌ని తొందరగా ముగించే శక్తి మొత్తం లారీ పెద్దాయన కుడి పాదంలో ఉంది. గవర్నర్లు వచ్చాక పెద్ద బండ్ల మధ్య దాటడం దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. యూరప్‌లో ట్రక్కులకు 90 దగ్గర లిమిటర్ ఉంటుంది, అక్కడా ఇదే తలనొప్పి. టైరు అరుగుదల కొంచెం వేరు, గవర్నర్ అమరిక కొంచెం వేరు, అందువల్ల ఒక బండి 89, ఇంకో బండి 90.

చట్టాలు దీన్ని పట్టించుకోలేదనుకోవద్దు. 1968 వియన్నా రోడ్ ట్రాఫిక్ ఒప్పందం వెనకబండి దాటాలనుకుంటోందని తెలిసిన డ్రైవర్ అంచుకు జరిగి, స్పీడు పెంచకుండా ఉండాలంటుంది. బ్రిటన్ హైవే కోడ్ ఇంకో అడుగు ముందుకెళ్లి, అవసరమైతే స్పీడు తగ్గించి దాటనివ్వమంటుంది, అది 168వ రూల్. జర్మనీ చట్టం దాటేవాడి వైపునుంచి పట్టుకుంది: చెప్పుకోదగ్గంత స్పీడు తేడా ఉంటేనే దాటాలి. ఆ తేడా ఎంత అన్న తగాదా 2008లో హామ్ నగరంలోని ఉన్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 45 సెకన్లలో అయిపోవాలని, 80 స్పీడు దగ్గర సుమారు పది కిలోమీటర్ల తేడా ఉండాలని ఆ కోర్టు లెక్కకట్టింది. నేను డ్రైవర్లకు చెప్పే పది కిలోమీటర్ల మాట అక్కడినుంచే తీసుకున్నాను.

ఆ ఒక్క లైటు

ఇక రెండో విషయం, లైటు కొట్టడం. నాకు ఈ అలవాటంటే గౌరవం. పదహారు మీటర్ల బండి తోక ఎక్కడుందో అద్దంలో అంచనా కట్టడం కష్టం. వెనకవాడు చూసి చెప్పడం నిజమైన సాయం. సాయం పొందినవాడు ఇండికేటర్ అటూ ఇటూ ఒకసారి వేసి థ్యాంక్స్ చెబుతాడు. ముఖాలు చూసుకోని మనుషులు అలా రోజంతా ఒకరికొకరు సాయపడుతుంటారు.

చిక్కేమిటంటే లైటుకు అడ్రస్ ఉండదు. ఎవరి కోసం కొట్టావో అది చెప్పదు. అద్దంలో చూసిన ప్రతివాడూ తనకే అనుకుంటాడు. పైగా ఒకే లైటుకు రెండు వ్యతిరేక అర్థాలున్నాయి: "నువ్వు రా" అని కొందరు, "నేను వస్తున్నా, ఆగు" అని కొందరు. అందుకే బ్రిటన్ హైవే కోడ్ లైటు కొట్టేది "నేనిక్కడున్నా" అని చెప్పడానికి మాత్రమే అంటుంది. ఎవరైనా లైటు కొడితే రమ్మన్నట్టు అనుకోవద్దనీ హెచ్చరిస్తుంది. పెద్ద బండ్లవాళ్ల అలవాటును పూర్తిగా మాన్పించాలని నేననను. కానీ లైటు చూసి తిప్పేయడం వేరు, లైటు చూశాక అద్దం చూసి తిప్పడం వేరు.

మన ట్రెయిలర్ డ్రైవర్ లైటు పడినప్పుడు అద్దంలోనే ఉన్నాడు. తర్వాత కళ్లు ముందుకు తిప్పి, ఇండికేటర్ వేసి, తిప్పాడు. మధ్యలో మూడు నాలుగు సెకన్లు. కారు ఎడమ లేన్‌లోకి దూకి ట్రెయిలర్ పక్కకు రావడానికి సరిగ్గా అంతే పట్టింది. తిప్పేముందు ఇంకొక్కసారి ఎడమ అద్దం చూసుంటే కారు పూర్తిగా కాకపోయినా ముక్కైనా కనిపించేది.

ఇండికేటర్ సంగతి కూడా రాయాలి. బండి యార్డుకు వచ్చాక వెనక్కి వెళ్లి చూశాను. ఎడమ వెనక ఇండికేటర్ వెలుగుతోంది, బల్బు బాగానే ఉంది. పైన దుమ్ము, మడ్డి కలిసి పొరలా గట్టిపడింది. మధ్యాహ్నం ఎండలో అయిదడుగుల దూరంనుంచి చూస్తేగానీ వెలుగుతోందని తెలియలేదు. వేలితో తుడిస్తే గోధుమరంగు మరక మొత్తం వేలికి వచ్చింది. కారాయన "ఇండికేటరే వేయలేదు" అన్నాడు, డ్రైవర్ "వేశాను" అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. యార్డు నుంచి బండి కదిలేముందు చూసే చెక్‌లిస్టులో "లైట్లు పనిచేస్తున్నాయా" అని ఉంది. "కనిపిస్తున్నాయా" అని లేదు.

కారువాళ్లకు

కారు నడిపేవాళ్లు ఈ కేసులోంచి తీసుకోవాల్సింది ఎడమ నుంచి దూరొద్దు అనే ఒక్క ముక్కే అయితే నాకు బాధే. అది అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. రెండు నిమిషాలు ఎనిమిది మీటర్ల దగ్గర ఉడికిపోయిన మనిషికి తెలిసింది గుర్తురాదు. అసలు పని ఆ ఎనిమిది మీటర్ల దగ్గర చేయాలి.

80 స్పీడులో ఎనిమిది మీటర్లు అంటే సెకనులో మూడో వంతు. ముందు ట్రెయిలర్ టైరు పేలి రబ్బరు ముక్క ఎగిరినా, డ్రైవర్ బ్రేక్ మీద కాలు వేసినా మీ కాలు కదిలేలోగా అంతా అయిపోతుంది. మూడు సెకన్ల దూరం, అంటే అదే స్పీడులో అరవై ఏడు మీటర్లు, వదిలితే రెండు లాభాలు. మీరు ట్రెయిలర్ అద్దాల్లో పడతారు. ముందు ఏం జరుగుతోందో మీకూ కనిపిస్తుంది. అక్కడినుంచి చూస్తే "కావాలనే ఆపుతున్నారు" అనిపించదు, ఎడమ లారీ దిగుడులో పరిగెత్తడం వల్ల ఈయన ఇరుక్కుపోయాడని తెలుస్తుంది. కోపం సగం అక్కడే దిగిపోతుంది. మధ్యలో ఇంకో కారు దూరుతుందే అంటారు. దూరనివ్వండి. మళ్లీ మూడు సెకన్లు వదలండి.

ఒంటరి ట్రక్కును దాటేటప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. ట్రక్కు పక్కకు వచ్చి, గాలి తోపుకు భయపడి అక్కడే తటపటాయిస్తారు. ఆ గాలి నిజమే. ట్రక్కు ముక్కు దగ్గరికి వచ్చేసరికి గాలి బయటకు నెడుతుంది. అడ్డగాలి ఉన్న రోజైతే ట్రక్కు చాటు దాటగానే ఒక్కసారిగా తాకుతుంది. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని ఆగకుండా సాగిపోవాలి. 100 స్పీడులో ఉన్న కారు, 80 మీదున్న ట్రెయిలర్‌ను ముందూ వెనకా ముప్పై మీటర్ల ఖాళీ వదిలి దాటినా పదిహేను సెకన్ల పనే.

దాటాక కట్ కొట్టి ముందుకు రావడం, వచ్చి స్పీడు తగ్గించడం, నేను చూసేవాటిలో అన్నిటికంటే భయపెట్టేది ఇది. మామూలు లోడ్ ట్రక్కు 80 నుంచి ఆగడానికి డ్రైవర్ తేరుకునే సమయం, ఎయిర్ బ్రేకుల్లో గాలి చేరే సమయం కలుపుకుని తొంభై మీటర్ల చుట్టూ కావాలి. కారుకు డెబ్భై లోపు చాలు. పది మీటర్ల ముందుకొచ్చి దూరితే ట్రక్కు డ్రైవర్‌కు మిగిలేది అర సెకను కూడా కాదు. మీ లోపలి అద్దంలో ట్రక్కు ముఖం మొత్తం, రెండు హెడ్‌లైట్లతో సహా కనిపించాకే లేన్ మారండి. మారాక స్పీడు తగ్గించకండి. రాత్రిపూట ట్రక్కు వెనక ఉంటే డిమ్‌లోనే ఉండండి. దాని అద్దాలు మీ లైటును నేరుగా డ్రైవర్ కళ్లలోకి కొడతాయి, అతనికి మీరు కాదు కదా రోడ్డు కూడా సరిగా కనపడదు.

మేం మార్చినవి

ట్రెయిలర్ డ్రైవర్ మీద చర్య తీసుకోవాలని ఒక మాట వచ్చింది. వద్దని గట్టిగా చెప్పాను. అతన్ని శిక్షిస్తే మిగతావాళ్లు నేర్చుకునేది వీడియో దొరక్కుండా చూసుకోవడమే.

దాటేవాళ్లకు రెండు మాటలు పెట్టాం. పది కిలోమీటర్ల తేడా ఇప్పుడు కనిపించడం చాలదు, దాటడం అయ్యేదాకా నిలిచేలా ఉండాలి. ఎక్కుడులో లోడ్ బండిని చూసి మొదలుపెట్టొద్దు, ఎక్కుడు అవతల ఏముందో ఆలోచించాలి. ఇక అరనిమిషం గడిచినా మన క్యాబిన్ అవతలి క్యాబిన్ పక్కకు చేరకపోతే, పౌరుషానికి పోకుండా కాలు తీసి వెనక్కి చేరాలి. ఈ వెనక్కి చేరడం డ్రైవర్లకు మింగుడుపడలేదు. "సార్, మధ్యలో వదిలేస్తే అవతలోడు నవ్వుతాడు" అని ఒక కుర్రాడు క్లాసులోనే అన్నాడు. పక్కనున్న సీనియర్ "నవ్వనీ రా తమ్ముడూ, రేపు మళ్లీ అదే రోడ్డు మీద ఇద్దరం ఉంటాం" అన్నాడు. నేను చెప్పినదానికంటే ఆయన చెప్పింది బాగా ఎక్కింది.

దాటనిచ్చేవాళ్లకు ఒకే మాట: అవతలి క్యాబిన్ మన డోరు పక్కకు రాగానే కాలు తీయాలి. అది రాకముందే తీస్తే అతనికి తొందరపాటు, వెళ్లిపోయాక తీస్తే ఉపయోగం లేదు. తోక తేలగానే లైటు కొట్టే ముందు అతని వెనక ఎవరున్నారో చూడాలి. కారు అంటుకుని ఉంటే కొట్టకూడదు. ఖాళీ వదిలి ఊరుకుంటే చాలు, అతనే చూసుకుని వస్తాడు. లైటు అందుకున్నవాడు ఇండికేటర్ అయిదు సార్లైనా వెలగనిచ్చి, అద్దం ఇంకోసారి చూసి, అప్పుడు తిప్పాలి. చెక్‌లిస్టులో "వెనక లైట్లు తుడిచి, దూరం వెళ్లి చూశాను" అన్న లైను చేరింది, బండితోపాటు ఒక గుడ్డ కూడా.

కారు నడిపినాయన్ని యార్డుకు రమ్మని అడిగాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు. నిలబెట్టిన ట్రెయిలర్ క్యాబిన్‌లో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఆయన కారునే ఎడమ డోరు పక్కన, కొంచెం కిందుగా పెట్టించాను. "మీ కారు ఎక్కడుందో చెప్పండి" అన్నాను. పెద్ద అద్దం చూశాడు, చిన్న అద్దం చూశాడు, ముందుకు వంగి మళ్లీ చూశాడు. పై కప్పు అంచు మాత్రం దొరికింది, అదీ వంగితేనే. తర్వాత కారును వెనక ఎనిమిది మీటర్ల దగ్గర పెట్టించాం. ఏమీ లేదు. మూడు సెకన్ల దూరంలో పెట్టించాక కుడి అద్దంలో మొత్తం కారు తేలింది. ట్రెయిలర్ డ్రైవర్ కిందే నిలబడి ఉన్నాడు. ఈయన దిగి అతని చెయ్యి పట్టుకుని, "మీరు కావాలని చేశారనుకున్నానండీ" అన్నాడు. ఇప్పుడు కుదిరినప్పుడల్లా డ్రైవర్ల ఇళ్లలో కారు నడిపేవాళ్లను కూడా పిలిచి ఇదే చేయిస్తున్నాం. గంట క్లాసు చెప్పనిది పది నిమిషాల సీటు చెబుతోంది.

తెమలనిది ఒకటి మిగిలింది, ట్రిప్ టైము. సమయానికి చేరితే వచ్చే అదనపు డబ్బు ఉన్నంతకాలం కాలు తీయమనడం డ్రైవర్ జేబులోంచి తీయమన్నట్టే వినిపిస్తుంది, లెక్క రెండు సెకన్లే అయినా సరే. ఆ డబ్బును చేరిన సమయంతో కాకుండా, గట్టి బ్రేకులు ఎంత తక్కువ కొట్టారన్నదానితో ముడిపెట్టమని రాసి ఇచ్చాను. గట్టి బ్రేకుల రికార్డు జీపీఎస్‌లో ఎలాగూ వస్తోంది. యాజమాన్యం కొన్ని రూట్లలో పెట్టి చూస్తామంది. ఏ రూట్లు, ఎప్పటినుంచి అన్నది తేలాలి. ఎక్కుడు దిగుళ్లు ఎక్కువున్న రూట్లతో మొదలుపెట్టమని పట్టుబడుతున్నాను.